మిద్దెకు పిట్టగోడ, గోతికి మూత

ఒకడు తన పొరుగువానిని చేయెత్తి కొట్టినచో దోషి యెవడో చెప్పుటకు పండితుల అవసరము లేదు. కొట్టినవాడు ఎదుట నున్నాడు, దెబ్బ తిన్నవాడును ఎదుట నున్నాడు. కాని ఎవడును చేయెత్తకుండగనే, ఎవని మనస్సులోను పగ లేకుండగనే, వేలమంది ఇండ్లు నీటిపాలై ప్రాణములు పోయినప్పుడు ఆ దోషము ఎవరిది? అందరును తమ తమ పనులు న్యాయముగానే చేసికొనుచుండగా, ఆ పనులన్నియు ఏకమై ఎక్కడనో ఒక బీదవాని యింటిమీద విరుచుకొని పడినప్పుడు, "నాకేమి తెలియును?" అని తప్పించుకొనుట చెల్లునా? మన తరము ఎదుట నిలిచిన నైతిక ప్రశ్నలలో ఇది మిక్కిలి కఠినమైనది. భూమి వేడెక్కుట, వాతావరణము మారుట అని మనము పత్రికలలో చదువుచున్న సంగతి శాస్త్రజ్ఞులకు లెక్కల విషయము. మనకైతే అది మొట్టమొదట పొరుగువాని విషయము.

ఈ ప్రశ్న క్రొత్తదని తోచవచ్చును. కాని మోషే ధర్మశాస్త్రములో దీనికి సంబంధించిన రెండు చిన్న విధులు కలవు. చదువరులు సాధారణముగా వాటిపై నిలువక దాటిపోవుదురు. మొదటిది నిర్గమకాండము 21వ అధ్యాయములోనిది. గొయ్యి త్రవ్వి దానిని మూయక విడిచినవాడు, అందులో పరుల పశువు పడి చచ్చినయెడల ఆ నష్టమును తానే భరింపవలెను. రెండవది ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములోనిది. ఇల్లు కట్టుకొనువాడు మిద్దె అంచున పిట్టగోడను కూడ లేపవలెను. లేనిచో, అక్కడనుండి జారిపడినవాని రక్తమునకు ఆ యింటివాడే ఉత్తరవాది.

ఈ విధులలోని విశేషమును గమనింపుడు. గొయ్యి త్రవ్వినవాడు ఎవరి పశువునో చంపవలెనని త్రవ్వలేదు, నీటికొరకు త్రవ్వియుండును. ఇల్లు కట్టినవానికి ఎవరిమీదను కోపము లేదు. అయినను ధర్మశాస్త్రము వారి ఉద్దేశమును అడుగలేదు. పడబోవువాని పేరును చెప్పలేదు, అతడు ఇంకను పడనే లేదు. అపాయము ఇట్లు కలుగగలదని తెలిసిన క్షణముననే బాధ్యత పుట్టినదని ఆ విధుల భావము. ఈ వెలుగులో మన దేశమున ఒక నగరమును చూతము.

తెలుగు నేతగాండ్ర నగరము

గుజరాతు రాష్ట్రములోని సూరత్ నగరము మనకు పరాయిది కాదు. మన యిండ్లలో తేలికయైన, చవుకయైన చీర ఏది విప్పి చూచినను అది సూరత్‌లో నేసినదై యుండుట అరుదు కాదు. ఆ చీరను నేసిన చేతులు తెలుగువారి చేతులై యుండుటయు అరుదు కాదు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి పద్మశాలి కుటుంబములు తరములుగా బ్రదుకుతెరువు వెదకికొనుచు అక్కడికి వలసపోయి, మరమగ్గముల షెడ్లలో పనిచేయుచున్నవి. లింబాయత్ మొదలైన పేటలలో తెలుగు మాట, తెలుగు పండుగ, తెలుగు వంట నేటికిని నిలిచియున్నవి. ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమముగల పాఠశాలలను సహితము నడుపుచు వచ్చినది.

ఈ చీర దేనితో నేయబడుచున్నది? ప్రత్తితో కాదు, అధికభాగము పాలియెస్టరు దారముతో. పాలియెస్టరు ముడిచమురునుండి పుట్టినది. సముద్రతీరమున హజీరాలో పెట్రోరసాయన కర్మాగారములున్నవి. దారము మరమగ్గములకు పోయి గుడ్డ యగును. ఆ గుడ్డ పాండేసరా, సచిన్ వంటి పారిశ్రామిక వాడలలోని అద్దకపు మిల్లులకు పోయి రంగు పొందును. రంగు పట్టుటకు ఆవిరి కావలెను, ఆవిరికి బాయిలరు కావలెను, బాయిలరుకు బొగ్గు కావలెను. ఈ విధముగా చమురును బొగ్గును కూడి, పేదరాలు సహితము కొనగలిగిన చీర యగుచున్నవి. ఇందులో పాపమేమున్నది? నేతగాడు తన బిడ్డలను పోషించుకొనుచున్నాడు. కూలికి పోవు స్త్రీ, ఉతికిన గంటలో ఆరిపోవు చీరను కట్టుకొనుచున్నది. వీరిలో ఎవరిని నిందింపగలము?

2006 సంవత్సరపు జలప్రళయము

సూరత్ నగరము తాపీ నదీతీరమున, ఆ నది సముద్రములో కలియు చోటికి చేరువగా నున్నది. మన పుస్తకములలో తపతి యని పేరుగన్న ఈ నది మధ్యప్రదేశములోని ముల్తాయి యొద్ద పుట్టి, మహారాష్ట్రము మీదుగా సుమారు 724 కిలోమీటర్లు ప్రవహించి గుజరాతు తీరము చేరును. నగరమునకు ఎగువను, దాదాపు నూరు కిలోమీటర్ల దూరమున, 1972లో పూర్తియైన ఉకాయ్ ఆనకట్ట కలదు. పంటకు నీరు, ఊళ్లకు విద్యుత్తు, నగరమునకు వరదనుండి రక్షణ, ఈ మూడును దానినుండి జనులు ఎదురుచూచినవి.

ఆ కోరికలు ఒకదానికొకటి విరుద్ధమైనవని మరువరాదు. ఐగుప్తులో యోసేపు సమృద్ధి యేండ్లలో కొట్లు నింపి కరవు యేండ్లకు సిద్ధపడెను. నింపుటయే అక్కడ వివేకము. జలాశయమును కాయువానికి వేసవికొరకు నింపుటయు వివేకమే, వరదకొరకు కొంత ఖాళీగా నుంచుటయు వివేకమే. ఏది ఎప్పుడు చేయవలెనో పూర్వపు వానల లెక్కనుబట్టి నిర్ణయింపబడును. వానల తీరే మారినయెడల, ఆ పాత లెక్క అతనికి తోడు రాదు.

2006 ఆగస్టు మాసములో ఇదే జరిగెను. జలాశయములో అప్పటికే నీరు ఎక్కువగా నిలిచియుండెను. ఎగువ పరీవాహక ప్రాంతమున కుంభవృష్టి కురిసెను. ఆనకట్టను కాపాడుటకు తలుపులు ఎత్తక తప్పలేదు. తొమ్మిది లక్షల క్యూసెక్కులకు మించిన నీరు దిగువకు వదలబడెను. ఆగస్టు 7వ తేదీ మొదలుకొని నగరములో అధికభాగము నీట మునిగెను. రాందేర్, అడాజన్ వంటి ప్రాంతములలో జనులు మిద్దెలమీద దినములు గడిపిరి. నూరుమందికి పైగా మరణించిరి. నష్టము వేల కోట్ల రూపాయలలో నుండెను.

దోషమెవరిది అను విచారణ వెంటనే మొదలాయెను. కొందరు జలాశయపు నిర్వహణను నిందించిరి. అది కొంతవరకు నిజమే. కాని నది ఒడ్డులను ఆక్రమించి ఇండ్లు కట్టినదెవరు? పూడిక పేరుకొని నది గర్భము ఇరుకైనప్పుడు చూచుచు ఊరకున్నదెవరు? సముద్రపు పోటు నది నీటిని వెనుకకు నెట్టుచుండగా దిగువను దారి మిగులకుండ చేసినదెవరు? ఒక్క చేయి కాదు, అనేక చేతులు. అందులో ఒకటి మరెక్కడనో ఆకాశములో నున్నది. దానిని గూర్చి ఇప్పుడు చెప్పవలసియున్నది.

ఆకాశములోని గొయ్యి

బొగ్గును, చమురును, సహజవాయువును కాల్చినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. అది కంటికి కనబడదు, ముక్కుకు తగులదు. సూర్యకాంతిని లోపలికి రానిచ్చి, భూమినుండి వెలువడు వేడిని మాత్రము పోనీయక పట్టియుంచుట దాని స్వభావము. కప్పుకొన్న దుప్పటి మందమైనకొలది లోపల ఉక్క పెరిగినట్లు, ఈ వాయువు పెరిగినకొలది భూమి వేడెక్కును. యంత్రయుగమునకు ముందు, పదిలక్షల పాళ్ల గాలిలో ఇది సుమారు 280 పాళ్లు ఉండెను. 1958లో హవాయి ద్వీపములోని మౌనా లోవా పర్వతముపై కొలుచుట ప్రారంభించినప్పుడు సుమారు 315 పాళ్లు. నేడు 420 పాళ్లను దాటినది. యంత్రయుగపు ఆరంభముతో పోల్చగా 1.5 డిగ్రీల సెల్సియసు హెచ్చును మించిన మొదటి సంవత్సరముగా 2024 లెక్కకు వచ్చినది.

వేడికిని వానకును సంబంధమేమి? గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి ఏడు పాళ్లు ఎక్కువ నీటియావిరిని పట్టుకొనగలదు. ఎక్కువ పట్టినది ఒక్కసారిగా విడిచినప్పుడు కుంభవృష్టి యగును. మధ్యభారతమునందు విస్తారమైన అతివృష్టి ఘటనలు 1950 మొదలు 2015 వరకు దాదాపు మూడింతలు పెరిగినవని, అరేబియా సముద్రమునుండి తేమ ఉప్పెనగా వచ్చుట అందుకు ముఖ్యకారణమని, 2017లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది. తాపీ నది పుట్టి పెరుగునది ఆ మధ్యభారతములోనే. 2006 వరద వాతావరణ మార్పువలననే వచ్చినదని ఆ ఒక్క దినమును చూపి తీర్పు చెప్పుట న్యాయము కాదు. కాని అట్టి దినములు మరల మరల వచ్చుటకు తలుపు తెరువబడినదని చెప్పుట న్యాయమే.

వరద మాత్రమే కాదు. రేకుల కప్పు క్రింద, మగ్గముల వేడిలో, పండ్రెండు గంటలు నిలిచి పనిచేయు కూలివానికి వేసవి ఎట్లుండునో ఊహింపుడు. 2010 మే మాసపు వడగాలులకు అహ్మదాబాదు నగరమున సాధారణముగా జరుగు మరణములకంటె 1,300కు పైగా ఎక్కువ మరణములు సంభవించినవి. 2015 వేసవిలో దేశమున రెండువేలకు మించి ప్రాణములు పోగా, వారిలో అత్యధికులు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములవారే. వారిలో పొలము పనివారు, కట్టడపు కూలీలు, నీడ లేని వృద్ధులు ఎక్కువమంది.

గొయ్యి త్రవ్వినవారికి ఈ సంగతి తెలియదా? ఆదిలో తెలియదు. కాని 1896లోనే స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు అర్రేనియస్, బొగ్గుపులుసు వాయువు పెరిగినచో భూమి వేడెక్కునని లెక్క కట్టెను. 1988లో ఈ విషయమును పరిశీలించుటకు అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము ఏర్పడెను. 1992లో రియో నగరమున దేశములన్నియు కూడి ఒడంబడిక చేసికొనినవి. పొడుచు అలవాటుగల ఎద్దును గూర్చి నిర్గమకాండములోని ఆ అధ్యాయమే ఒక భేదము చూపుచున్నది. యజమానునికి ముందుగా హెచ్చరిక అందియుండినయెడల అతని దోషము అధికము. మనకు హెచ్చరిక అందినది.

నాలుగు సాకులు

ఈ బాధ్యతను తప్పించుకొనుటకు మనుష్యులు చెప్పు సాకులు సాధారణముగా నాలుగు.

"నా వంతు ఎంత? నేను దీపమార్పినంత మాత్రమున లోకము చల్లబడునా?" ఇది మొదటిది. తొమ్మిది లక్షల క్యూసెక్కుల నీరును చినుకులుగానే కురిసినది. ఏ చినుకును నగరమును ముంచలేదు, అన్ని చినుకులును కూడి ముంచినవి. నా వంతు చిన్నదగుట నా బాధ్యతను చిన్నది చేయును గాని లేకుండ చేయదు. ఒంటరిగా తీర్పలేని దానిని నలుగురితో కలిసి తీర్చుమని అది బోధించుచున్నది.

"ధనిక దేశములు చేసినదానికి మనమేల కష్టపడవలెను?" ఇది రెండవది. ఇందులో సత్యము లేకపోలేదు. నేటివరకు లోకములో బొగ్గు, చమురులను కాల్చుటవలన వెలువడిన మొత్తము బొగ్గుపులుసు వాయువులో అమెరికా దేశపు వంతు సుమారు నాలుగవ భాగము కాగా, లోకజనాభాలో ఆరవ వంతుకు మించిన భారతదేశపు వంతు నూటికి నాలుగు పాళ్లకు లోబడియే యున్నది. నేటికిని మన తలసరి లెక్క లోకపు సగటులో సగమునకంటె తక్కువ. కాబట్టి ధనిక దేశములు ఎక్కువ భారము మోయవలెనని అడుగుట భిక్ష కాదు, న్యాయము. అయినను ఏటేటి లెక్కలో మన దేశము నేడు లోకమున మూడవ స్థానమున నున్నది. మన దేశములోను శీతలయంత్రములు, కార్లు గలవాడొకడు, ఫ్యానైన లేనివాడొకడు. ధనిక దేశములను మనము అడుగు ప్రశ్ననే సూరత్ మగ్గపు కూలివాడు మనలను అడుగవచ్చును. పొరుగింటివాడు పిట్టగోడ కట్టలేదు గనుక నేనును కట్టనని చెప్పుటకు ఆ ధర్మవిధిలో చోటు లేదు.

"జలప్రళయము ఇక రాదని దేవుడు నోవహుతో నిబంధన చేసెను గదా, మనకు భయమేల? లేక ఇవన్నియు అంత్యదినముల సూచనలైనచో మనమేమి చేయగలము?" ఇది మూడవది, విశ్వాసపు మాటవలె వినబడునది. దేవుని నిబంధన నమ్మదగినదే. కాని దేవుడు భూమిని నశింపజేయనని చెప్పుట, నీవు నీ పొరుగువాని యింటిని ముంచవచ్చునని అనుమతి యిచ్చుట కాదు. నోవహు సహితము మాట విని చేతులు ముడుచుకొని కూర్చుండలేదు, చాలకాలము శ్రమపడి ఓడ కట్టెను. అంత్యదినములను గూర్చిన తలంపు మనలను మెలకువగల గృహనిర్వాహకులనుగా చేయవలెను గాని సోమరులనుగా కాదు.

నాలుగవది అన్నిటికంటె బరువైనది, దానిని సాకు అనుటకు నోరు రాదు. "ఈ మిల్లులు మూతపడినచో మేమేమి తినవలెను?" అని నేతగాడు అడుగును. దీనిని త్రోసివేయువాడు భూమిని ప్రేమించునేమో గాని మనుష్యుని ప్రేమించుటలేదు. మార్పుయొక్క భారము బలహీనుని తలమీదనే పడినయెడల అది మరియొక అన్యాయమగును. కాబట్టి ఎవనికి ఎంత శక్తి కలదో, ఎవడు ఎంత లాభము పొందెనో, అంత భారము వానిదని నిర్ణయించుట న్యాయము. మిల్లు యజమానుడు, ప్రభుత్వము, కొనువారు ముందు నిలువవలెను. కూలివానికి క్రొత్త పని, క్రొత్త యంత్రము, సురక్షితమైన ఇల్లు చూపిన తరువాతనే పాతదానిని తీసివేయవలెను.

గోతికి మూత, మిద్దెకు పిట్టగోడ

చేయవలసిన పనులు రెండు విధములు. అపాయమునకు మూలమును తగ్గించుట గోతికి మూత వేయుట వంటిది. వచ్చియే తీరు అపాయమునుండి జనులను కాచుట పిట్టగోడ లేపుట వంటిది. ఒకటి చేసి మరియొకటి మానుట తగదు.

ఇవి అసాధ్యములు కావని సూరత్ నగరమే సాక్ష్యమిచ్చుచున్నది. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు వ్యాపించి లక్షలమంది పారిపోయిరి. ఆ మురికి నగరమును ఇక బాగుచేయుట కలయని లోకము తలంచెను. 1995లో మునిసిపల్ కమీషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు కాలములో రెండేండ్లకే అది దేశమున పరిశుభ్ర నగరములలో ఒకటిగా పేరుపొందెను. 2006 వరద తరువాతను ఆ నగరము ఊరకుండలేదు. 2008నుండి ఆసియా నగరముల వాతావరణ సంసిద్ధతా కార్యక్రమములో పాలుగొని, ఎగువ వానలను, జలాశయపు మట్టమును, నగరములోని పల్లపు వాడలను ఒకే గొలుసుగా కలిపి ముందుగా హెచ్చరించు ఏర్పాటు చేసికొనెను. ఇది పిట్టగోడ.

అదే నగరము శుద్ధిచేసిన మురుగునీటిని 2014నుండి పాండేసరా అద్దకపు మిల్లులకు ఇచ్చి మంచినీటిని మిగిల్చుచున్నది. మురుగునుండి పుట్టు వాయువుతో విద్యుత్తు తీయుచున్నది. 2019లో అక్కడి మిల్లుల పొగగొట్టములనుండి వెడలు ధూళికి మొత్తముమీద ఒక హద్దు విధించి, ఆ హద్దులో తక్కువ వాడినవాడు మిగిలినదానిని ఎక్కువ వాడినవానికి అమ్ముకొనునట్లు ఒక విపణిని ఏర్పరచిరి. దానివలన ధూళి నూటికి ఇరువదినుండి ముప్పది పాళ్లు తగ్గెనని తేలినది. ధూళి వేరు, బొగ్గుపులుసు వాయువు వేరు. అయినను హద్దు పెట్టినచో పరిశ్రమ చచ్చునను భయము ఆధారము లేనిదని అది చూపినది. ఇది గోతికి మూత వేయుటకు నేర్చుకొనిన తొలి పాఠము.

పిట్టగోడ యొక్క విలువను తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలమంది చనిపోయిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముమీద పడినప్పుడు, ముందుగా హెచ్చరించి లక్షలమందిని తరలించినందున, మరణములు పదుల సంఖ్యను దాటలేదు. గాలి కనికరింపలేదు, మనుష్యులు ముందుగా మేల్కొనిరి.

అయినను సూరత్ కథ ముగియలేదు. మీఠీ ఖాడీ పొంగినప్పుడు లింబాయత్ వాడలలోనికి నేటికిని నీరు వచ్చుచున్నది. పల్లపు స్థలము చవుక గనుక వలసవచ్చినవాడు అక్కడనే గుడిసె వేసికొనును. మన చీరకు ధర తగ్గిన కారణములలో అతని గది అద్దె తక్కువగుటయు ఒకటి.

ప్రియ చదువరులారా, తమ్ముడెక్కడ నున్నాడని దేవుడు అడిగినప్పుడు కయీను ఎదురుప్రశ్న వేసెను. నేడు మన తమ్ముడు ఎక్కడ నున్నాడో మనకు తెలియును. ఖాడీ ఒడ్డున నున్నాడు, రేకుల కప్పు క్రింద నున్నాడు, ఇంకను పుట్టని తరములో నున్నాడు. కాబట్టి మన చేతికి అందిన పనులను వెదకుదము. అక్కరకు మించి కొనక, కొన్నదానిని చిరుగువరకు వాడుదము. మన మందిరముల, పాఠశాలల మిద్దెలకు తెల్లని సున్నము పూయించి లోపలి వేడిని తగ్గింతము. ఇందునకు తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రత్యేక విధానమునే ప్రకటించినది. ఎండలు ముదిరిన దినములలో మందిరపు తలుపులు తెరచి, నీడయు నీరును దారిన పోవు కూలివానికి దొరకునట్లు చేయుదము. హెచ్చరిక వచ్చిన రాత్రి మన వీధిలో నడువలేని ముసలివారు, ఒంటరి తల్లులు ఎవరో ముందుగానే తెలిసికొని యుందము. చెరువు పూడ్చి ఇల్లు కట్టువానియొద్ద, అది ఎంత చవుకైనను, స్థలము కొనకుందము. ఓటు అడుగవచ్చినవానిని మన ఊరి వరద కాలువను గూర్చి, బొగ్గుకు బదులు సూర్యశక్తిని గూర్చి ప్రశ్నింతము.

పిట్టగోడ కట్టినవానికి ఎవడును కృతజ్ఞత చెప్పడు. పడకుండ నిలిచినవానికి తాను పడవలసియుండెనని తెలియదు గదా! అతని పేరు మనకును తెలియదు. ఆ పేరు తెలియనివాని నిమిత్తమే ఇటుకమీద ఇటుక పేర్చుట పొరుగువానిని ప్రేమించుటలో ఒక ముఖ్యభాగము.